పాత ఫ్యాక్టరీ స్థలంలో ఏం కట్టాలి? మట్టిని చూసి తేల్చుకునే దారులు

ఫ్యాక్టరీ మూతపడి పదేళ్లయినా స్థలం ధర పెరుగుతూనే ఉంటుంది. బాలానగర్, సనత్‌నగర్, ఆజామాబాద్, కాటేదాన్, నాచారం, మౌలాలి, ఉప్పల్, జీడిమెట్ల పారిశ్రామికవాడలు ఒకప్పుడు ఊరి చివర ఉండేవి. ఇప్పుడు హైదరాబాద్ వాటిని చుట్టేసి ఇంకా ముందుకు వెళ్లిపోయింది. ఔటర్ రింగు రోడ్డు లోపల ఇలాంటి సుమారు 9,300 ఎకరాల్లో ఇళ్లు, కార్యాలయాలు, వాణిజ్య భవనాలు కట్టుకునే వీలు కల్పిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2025 నవంబరులో కొత్త విధానం తెచ్చింది. అప్పటినుంచి చర్చంతా ఎకరం ధర మీద, కట్టాల్సిన రుసుము మీద నడిచింది. ఆ ఎకరం కింద ఏముందని అడిగినవాళ్లు తక్కువ. నా పని ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. ఇలాంటి స్థలాల్లో మట్టి, నీళ్ల నమూనాలు తీసి, ఏం చేయవచ్చో చెప్పడమే నా వృత్తి.

పాత పరిశ్రమల స్థలాలున్న కుటుంబాలు, వాటిని కొనే బిల్డర్లు, అక్కడ ఫ్లాట్ తీసుకోబోయేవారు నన్ను తరచూ ఒకే మాట అడుగుతారు: "ఈ మట్టిని ఎలా శుభ్రం చేయాలి?" దానికి ముందు అడగాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఈ మట్టి మీద ఏం కడితే బాగుంటుంది? టవర్ల బొమ్మ గీయించుకుని, దానికి తగ్గట్టు నేలను సరిచేయమంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. నేల తీరు తెలిశాక బొమ్మ గీస్తే అదే స్థలం తక్కువ ఖర్చుతో, తక్కువ ప్రమాదంతో పనికొస్తుంది.

సాయిల్ టెస్ట్ వేరు, ఈ పరీక్ష వేరు

"సాయిల్ టెస్ట్ చేయించాం కదండీ" అని చాలామంది ఒక నివేదిక చేతిలో పెడతారు. తెరిచి చూస్తే అందులో నేల ఎంత బరువు మోస్తుంది, రాయి ఎంత లోతున తగిలింది అన్నవే ఉంటాయి. పునాదికి అది కావాలి. మట్టిలో సీసం ఉందా, క్రోమియం ఉందా, సాల్వెంట్లు, అంటే జిడ్డును, రసాయనాలను కరిగించే ద్రవాలు ఉన్నాయా అన్నది అందులో ఒక్క ముక్క ఉండదు. ఈ రెండూ వేర్వేరు పరీక్షలని తెలియక కొన్నవాళ్లను చూశాను.

కాలుష్య పరీక్షలో మొదటి మెట్టుకు తవ్వకం అవసరం లేదు. కాగితాలు, మనుషులు చాలు. పాత లే-అవుట్ ప్లాను, కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి పత్రాలు, ఏ ముడిసరుకు ఎంత కొన్నారో చెప్పే లెక్కలు, పాత ఉపగ్రహ చిత్రాలు సేకరించాలి. వీటన్నిటికంటే ఎక్కువ చెప్పేది అక్కడ పనిచేసిన మనిషి.

లోహ వస్తువులకు క్రోమియం పూత పూసే ఒక చిన్న ఎలక్ట్రోప్లేటింగ్ షెడ్డు సంగతి చెబుతాను. ప్లానులో నాలుగు తొట్లు, ఒక గోదాము ఉన్నాయి. ప్లాను ప్రకారం గుర్తులు పెట్టుకుని బోర్లు వేయడానికి సిద్ధమవుతుంటే, అక్కడ ముప్పై ఏళ్లు పనిచేసిన పెద్దాయన ఒకరు గేటు దగ్గర నిలబడి చూస్తున్నారు. "ఏమండీ, ఇక్కడ కడిగిన నీళ్లు ఎటు పోయేవి?" అని అడిగాను. "ఆ వేపచెట్టు కింద ఇంకో గుంట ఉండేది బాబూ. నిండితే పూడ్చేసి పక్కన ఇంకోటి తవ్వేవాళ్లం" అన్నారు. ప్లానులో ఆ గుంట లేదు, వేపచెట్టూ లేదు. అక్కడ బోరు వేస్తే మీటరున్నర లోతు నుంచి వచ్చిన మొరం ఎర్రగా ఉండాల్సింది, ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో వచ్చింది. మూడు మీటర్ల దగ్గర రంగు తేలిపోయింది. హమ్మయ్య అనుకుంటే, ఇంకా కింద రాతి పగులు దగ్గర మళ్లీ పసుపు చార. గాజు సీసాలో పట్టిన నీళ్లు పలచని నిమ్మరసంలా ఉన్నాయి. ఆ పసుపు క్రోమియం రంగు. తాగునీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణాల సంస్థ నిబంధన. రంగు కంటికి కనిపించేసరికి ఆ హద్దు ఎన్నో రెట్లు దాటిపోయి ఉంటుంది. అంతకంటే భయపడాల్సింది, హద్దు దాటి కూడా తేటగా కనిపించే నీళ్లను చూసి.

రెండో మెట్టు నమూనాలు. ఇక్కడ పొదుపు చేయాలనుకునేవారు చేసే పని ఒకటుంది: పది చోట్ల మట్టిని ఒకే సంచిలో కలిపి ఒకే పరీక్ష చేయించడం. ఒక చోటి విషం తొమ్మిది చోట్ల మంచి మట్టిలో కలిసి పలచబడి, అంకె హద్దులోపలికి వస్తుంది. అలాంటి నివేదికకు విలువ ఇవ్వకండి. అనుమానం ఉన్న ప్రతి చోటా విడిగా, కనీసం మూడు లోతుల్లో తీయాలి. నీటిని ఎండాకాలం చివర ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి పరీక్షించాలి. ఆవిరయ్యే సాల్వెంట్లు వాడిన చోట మట్టి రంధ్రాల్లోని గాలిని కూడా పట్టి చూడాలి.

నివేదిక చదివేటప్పుడు ఇంకో మెలిక ఉంటుంది. "ప్రమాదకర వ్యర్థాల నిబంధనల హద్దులోనే ఉంది" అని రాసి ఉంటే అది నివాసానికి పనికొస్తుందని అర్థం చేసుకోకూడదు. ఆ హద్దు వ్యర్థాన్ని ఎక్కడ పారేయాలో చెప్పడానికి పెట్టినది. మట్టి నుంచి ఊటగా దిగే సీసం లీటరుకు 5 మిల్లీగ్రాముల లోపుంటే ఆ కొలత ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం కాదు. తాగునీటిలో సీసం హద్దు 0.01 మిల్లీగ్రాములు. మధ్య తేడా 500 రెట్లు. పిల్లలు ఆడుకునే మట్టిలో సీసం విషయంలో అమెరికా పర్యావరణ సంస్థ 2024లో తన హెచ్చరిక స్థాయిని కిలోకు 400 నుంచి 200 మిల్లీగ్రాములకు తగ్గించింది. నివాసానికి కొలత అడిగితే ఇలాంటి అంకెతో పోల్చి చూపమనండి.

శుభ్రం చేసే దారులు

తవ్వి తరలించడం అందరికీ ముందు తోచేది. చెడ్డ మట్టిని తవ్వి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి పంపి, మంచి మట్టి నింపడం. హైదరాబాద్‌కు దుండిగల్‌లో అలాంటి కేంద్రం ఉంది. పని వారాల్లో ముగుస్తుంది, ఫలితం కళ్ల ముందే ఉంటుంది. కాలుష్యం రెండు మూడు మీటర్ల లోపల, కొద్ది చోటులోనే ఉంటే నేనూ ఇదే చెబుతాను. ఎక్కువ మట్టి అయితే టన్నుకింత చొప్పున ఖర్చు కొండలా పెరుగుతుంది. అప్పుడే చీకటి పడ్డాక టిప్పర్లు దుండిగల్ దారి వదిలి ఏదో చెరువు శిఖం వైపు మళ్లే ప్రలోభం పుడుతుంది. మీ స్థలం శుభ్రమై, ఇంకొకరి చెరువు పాడైతే అది శుద్ధి అనిపించుకోదు. ప్రతి లోడుకూ రవాణా మ్యానిఫెస్టు (ఏది, ఎంత, ఎక్కడికి వెళ్తోందో రాసిన పత్రం), అవతలి కేంద్రంలో తూకం చీటీ రెండూ ఉండాలి. టన్నుల లెక్క తవ్విన గుంట కొలతతో సరిపోవాలి.

తవ్వి తీసుకెళ్లినంతలో కథ ముగియదని భోపాల్ చూపించింది. యూనియన్ కార్బైడ్ ఆవరణలో గోదాములో మిగిలిన 337 టన్నుల వ్యర్థాన్ని 2025 జనవరిలో పీథంపూర్‌లోని వ్యర్థాల కేంద్రానికి తరలించి, జూన్ చివరికల్లా కాల్చేశారు. సున్నం వంటివి కలపడం వల్ల 800 టన్నులకు పైగా బూడిద, అవశేషం మిగిలింది. నలభై ఏళ్లుగా నేలలోకి, భూగర్భ జలంలోకి దిగినది మాత్రం అక్కడే ఉంది. డ్రమ్ములు ఎత్తేయడం సులువు. డ్రమ్ముల కింది నేల సంగతే కష్టం.

అక్కడే శుద్ధి చేయడం రెండో దారి. విషాన్ని బట్టి మందు మారుతుంది. డీజిల్, ఆయిల్ ఒలికిన మట్టిని కుప్పలు పోసి, గాలి, తేమ, పోషకాలు అందిస్తే సూక్ష్మజీవులు నెలల్లో తినేస్తాయి. మన ఎండ దానికి అనుకూలం. ఆవిరయ్యే సాల్వెంట్లను మట్టిలోంచి గాలితో లాగి వడపోయవచ్చు. ప్రమాదకరమైన ఆరు వేలెన్సీ క్రోమియానికి ఫెర్రస్ సల్ఫేట్ వంటి రసాయనం పట్టిస్తే అది కదలని, విషం తక్కువైన మూడు వేలెన్సీ రూపంలోకి మారుతుంది. సీసం, ఆర్సెనిక్ వంటి లోహాలను ఏ సూక్ష్మజీవీ తినలేదు. వాటిని సిమెంటుతో బంధించాలి, లేదా మట్టిని కడిగి వేరు చేయాలి. కడగడం ఇసుక నేలల్లో బాగా పనిచేస్తుంది, బంకమట్టిలో విషం సన్నని రేణువులను వదలదు.

ఈ దారిలో పెద్ద ఉదాహరణ లండన్. 2012 ఒలింపిక్స్ కోసం స్ట్రాట్‌ఫర్డ్ దగ్గర పాత పరిశ్రమల నేలలో సుమారు 20 లక్షల టన్నుల మట్టిని తవ్వి, అక్కడే యంత్రాలతో కడిగి, శుద్ధి చేసి, ఎక్కువ భాగం మళ్లీ అక్కడే వాడారు. దానికి ప్రభుత్వం చేతిలో మొత్తం స్థలం, ఏళ్ల సమయం ఉన్నాయి. అర ఎకరం షెడ్డు యజమానికి అలాంటి యంత్రం గిట్టుబాటు కాదు. ఒక పారిశ్రామికవాడలో ఇరవై, ముప్పై మంది యజమానులు కలిసి ఒకే శుద్ధి కేంద్రం పెట్టుకుంటే గిట్టుతుంది. మన నగరంలో ఎవరూ గట్టిగా పట్టించుకోని దారి ఇదే అని నా బాధ. ప్లాటు ప్లాటుకూ విడివిడిగా చేస్తే, పక్క ప్లాటు నీళ్లు భూమిలోంచి మళ్లీ మన ప్లాటులోకి వస్తాయి కూడా.

మూడోది కప్పి బంధించడం. బంకమట్టి, మందపాటి ప్లాస్టిక్ పొర, పైన కాంక్రీటు. వాన నీరు దిగదు, ధూళి లేవదు, మనిషి చర్మానికి తగలదు. ఖర్చు తక్కువ. విషం మాత్రం అక్కడే ఉంటుంది, కప్పును ఎవరో ఒకరు కాపాడుతూ ఉండాలి. న్యూయార్క్ రాష్ట్రంలో లవ్ కెనాల్ అనే చోట రసాయన కంపెనీ తన వ్యర్థాలను కాలువలో పూడ్చి, పైన మట్టి కప్పి, 1953లో ఒక్క డాలరుకు పాఠశాల బోర్డుకు అప్పగించింది. తర్వాత బడి కట్టారు, రోడ్లు, మురుగు కాలువలు వేస్తూ ఆ కప్పును, గోడలను తవ్వారు. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను ఖాళీ చేయించాల్సి వచ్చింది. కప్పు కింద ఏముందో తెలిసినవాళ్లు వెళ్లిపోయాక తెలియనివాళ్లు తవ్వుతారు. అపార్ట్‌మెంట్ల సంఘం మూడేళ్లకోసారి మారుతుంది, ప్లంబరు రోజుకొకరు వస్తారు. అందుకే ఇళ్ల కింద కప్పి వదిలేయడాన్ని నేను ఒప్పుకోను. ఒకే యజమాని చేతిలో ఉండే గోదాము, బస్సు డిపో, సోలార్ పలకల ఆవరణ అయితే ఒప్పుకుంటాను.

"పార్కు చేసేద్దాం" అనేవారికి ఒక మాట. పార్కు అంటే శుద్ధి అక్కర్లేదని కాదు. పిల్లలు మట్టిలో కూర్చునేది అక్కడే. సియాటిల్‌లో 1956లో మూతపడ్డ గ్యాస్ కర్మాగారం 1975లో అందమైన పార్కుగా తెరుచుకుంది. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు అక్కడి మట్టికి మళ్లీ మళ్లీ శుద్ధి పనులు జరిగాయి. పక్కనే సరస్సు ఉన్నా పార్కు ఒడ్డు నుంచి నీళ్లలోకి దిగనివ్వరు.

సెల్లారా, స్టిల్టా

హైదరాబాద్ వరకూ నేను అన్నిటికంటే ముఖ్యమని చెప్పే ఎంపిక ఇది. మన నేల గ్రానైటు. పైన కొన్ని మీటర్ల మట్టి, మొరం, కింద పగుళ్ల రాయి, ఆ కింద బండ. నీళ్లు ఆ మొరంలో, పగుళ్లలో ఉంటాయి. యంత్రాల జిడ్డు తుడిచే ట్రైక్లోరో ఇథిలీన్, మందుల కంపెనీలు వాడే మిథిలీన్ క్లోరైడ్ వంటివి నీటికంటే బరువైనవి. అవి నీటి అడుగుకు దిగి, రాతి పగుళ్లలో కూర్చుంటాయి. తోడి శుద్ధి చేద్దామన్నా పగులు ఎటు పోయిందో అంతుచిక్కదు. టొల్యూన్ వంటివి తేలికైనవి కాబట్టి నీటి మీద తేలుతాయి.

అలాంటి చోట మూడు నాలుగు సెల్లార్లు తవ్వితే ఒకదాని వెనక ఒకటి ఇబ్బందులు వస్తాయి. పది పన్నెండు మీటర్ల లోతు మట్టి మొత్తం బయటికి పోవాలి, అందులో మంచిదేదో చెడ్డదేదో వేరు చేయడం పెద్ద పని. గుంటలోకి ఊరే నీటిని నెలల తరబడి తోడుతారు, దాంతో చుట్టుపక్కల ఫ్యాక్టరీల కింది కలుషిత జలం కూడా ఇటువైపు కదులుతుంది. తోడిన నీళ్లు వాన నీటి కాలువలోకి, అక్కడినుంచి చెరువులోకి వెళ్తాయి. పేల్చిన రాతిలో కొత్త పగుళ్లు ఏర్పడతాయి. కట్టడం పూర్తయ్యాక సాల్వెంట్ల ఆవిరి గోడల సందుల్లోంచి సెల్లార్‌లోకి, లిఫ్టు గుంట ద్వారా పై అంతస్తులకు చేరుతుంది.

స్టిల్టు మీద కడితే నాలుగు వైపులా తెరిచిన పార్కింగు అంతస్తు నేలకూ మొదటి అంతస్తుకూ మధ్య ఉంటుంది. మట్టిలోంచి వచ్చే ఆవిరిని గాలి ఎత్తుకుపోతుంది. తవ్వకం పునాదుల వరకే. మనవాళ్లకు అలవాటైన, చవకైన స్టిల్టు అంతస్తే ఇక్కడ మంచి రక్షణ. సాల్వెంట్ల ఆనవాలు ఉన్న ప్లాటులో పార్కింగుకు కింద కాకుండా పైన రెండు అంతస్తులు ఇవ్వమని ఆర్కిటెక్టుతో చెప్పండి. రాబడి కొంత తగ్గుతుంది, నిజమే. నేలమట్టి శుద్ధి బిల్లులో దానికి మించి మిగులుతుంది.

బోరు విషయంలో బేరం లేదు. ఇలాంటి ప్లాటులో నీళ్లు వాడుకోవడానికి కొత్త బోరు వేయకూడదు, పాత బోర్లను సిమెంటుతో అడుగునుంచి పూడ్చాలి. ఊరికే మూత పెట్టి వదిలేస్తే పై విషం లోతు నీటికి చేరే గొట్టంలా అది పనిచేస్తుంది. ఇంకుడు గుంత కూడా పాడైన మట్టి మీద పెట్టకూడదు. వాన నీటిని ట్యాంకులో పట్టి వాడుకోవాలి. ఇంకుడు గుంతలు ఎప్పుడూ మంచివే అనుకునేవారికి ఇది మింగుడు పడదు, కానీ ఇక్కడ దిగే ప్రతి చుక్కా విషాన్ని కిందికి కడుగుతుంది.

ఎవరి స్థలానికి ఏది

ఇంజినీరింగు షెడ్డు, ప్యాకింగ్ యూనిట్, దుస్తుల యూనిట్ వంటివి నడిచిన చోట మురికి తక్కువే ఉండవచ్చు. జిడ్డు తుడిచిన చోటు, జనరేటర్ గది, భూగర్భ డీజిల్ ట్యాంకు చుట్టూ పరీక్షించి, పాడైన మట్టి తవ్వి తీసేస్తే ఇళ్లు కట్టవచ్చు. కూల్చే ముందు పైకప్పు ఆస్బెస్టాస్ రేకులను పగలగొట్టకుండా, తడిపి, విప్పి దించాలి.

ప్లేటింగ్, రంగులు, బ్యాటరీ, పాత ఇనుము కరిగించే పనులు జరిగిన చోట లోహాలు ఉంటాయి. కాటేదాన్, బాలానగర్, జీడిమెట్ల నేలల్లో సీసం, క్రోమియం, జింకు, నికెల్ వంటివి ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉన్నట్టు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల అధ్యయనాలు ఏనాడో చూపాయి. ఇలాంటి చోట నా సలహా కలగలుపు దారి: బాగా పాడైన గుంటలను తవ్వి తీయడం, మిగిలినదాన్ని అక్కడే బంధించడం, పైన కార్యాలయాలు లేదా దుకాణాలు. తోటలు కావాలంటే తెచ్చిపోసిన మట్టిలోనే పెంచాలి.

బల్క్ డ్రగ్స్ (మందుల తయారీకి ముడిసరుకు), పురుగుమందులు, సాల్వెంట్ల గోదాములు నడిచిన స్థలాలు అన్నిటికంటే కఠినమైనవి. పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థ జలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. శుద్ధి చేశాక బయటికొచ్చిన నీటి లెక్క అది. అలాంటి పరిశ్రమల ఆవరణలో దశాబ్దాల పాటు నేలలో ఇంకినది ఇంకా ఎంతో, పరీక్ష అయ్యేదాకా ఎవరూ ఊహించి చెప్పకూడదు. ఇక్కడ ఇళ్ల ఆలోచన వదిలేసి, పరిశ్రమగానో గోదాముగానో ఉంచి, ఏళ్ల తరబడి భూగర్భ జలాన్ని గమనిస్తూ శుద్ధి చేయడం మేలు.

ఎంత శుభ్రం చేస్తే చాలన్నది కూడా వాడుకను బట్టే. కొడైకెనాల్‌లో 2001లో మూతపడ్డ థర్మామీటర్ల ఫ్యాక్టరీ ఆవరణకు కిలో మట్టికి 20 మిల్లీగ్రాముల పాదరసం హద్దుగా పెట్టారు. చుట్టూ అడవి ఉన్న చోట అది సరిపోదని ఉద్యమకారులు ఏళ్ల తరబడి పోరాడారు. హద్దు ఎవరు, ఏ వాడుక కోసం పెట్టారో తెలియకుండా "హద్దులో ఉంది" అన్న మాటకు అర్థం లేదు.

చట్టం ఇప్పుడు కొంత తోడుగా ఉంది. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. స్థానిక సంస్థలు, జిల్లా యంత్రాంగం అనుమానిత స్థలాలను గుర్తించాలి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పరిశీలించి తేల్చాలి, పాడుచేసినవారే శుద్ధి ఖర్చు భరించాలి. దేశంలో గుర్తించిన 103 కలుషిత స్థలాల్లో అప్పటికి ఏడింటిలోనే శుద్ధి మొదలైంది. కాబట్టి ప్రభుత్వం గుర్తించేదాకా ఆగడం కంటే, అమ్మేముందే పరీక్ష చేయించి, ఎవరి బాధ్యత ఎంతో విక్రయ పత్రంలో రాయించుకోవడం ఇద్దరికీ క్షేమం.

ఫ్లాట్ కొనేవారు బిల్డర్‌ను అడగాల్సినవి: ఈ స్థలంలో ఇంతకుముందు ఏం తయారయ్యేది, ఏ బిందువు దగ్గర ఏ లోతున ఏముందో చూపే పూర్తి పరీక్ష నివేదిక, తరలించిన మట్టి తూకం చీటీలు, శుద్ధి తర్వాత మళ్లీ చేసిన పరీక్ష. చూపించడానికి వెనకాడితే ఆ బుకింగ్ వదులుకోండి.

ఆ ప్లేటింగ్ షెడ్డు యజమాని మొదట రెండు సెల్లార్ల మీద ఏడంతస్తుల ఇళ్లు అనుకున్నారు. చివరికి స్టిల్టు మీద నాలుగంతస్తుల కార్యాలయం కట్టారు. వేపచెట్టు కింది గుంటల మట్టి మొత్తం తవ్వి పంపేశారు, రాతి పగుళ్లకు గొట్టాల ద్వారా ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం ఎక్కించారు. పార్కింగులో రెండు చోట్ల నేలకు సమంగా ఇనుప మూతలు కనిపిస్తాయి, వాటి కింద భూగర్భ జలాన్ని పరీక్షించే గొట్టాలు, వాటికి తాళాలు. ఏటా మే నెలలో, నవంబరులో వాటిని తెరిచి నీళ్లు పడతాం. మొదటి ఏడాది నిమ్మరసంలా ఉన్న నీళ్లు మూడో ఏడాదికి తేటబడ్డాయి. ల్యాబ్ అంకె మాత్రం ఇంకా 0.05 కిందికి దిగలేదు, అందుకని తాళాలు అలాగే ఉంచాం.